ట్రక్కు జాకీ లేవడానికి నిమిషంన్నర పడుతోంది, పెద్ద పంపు వేయించాలా?

అల్లూరు రైతు:

అన్నలందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన. 45 హెచ్‌పీ ట్రాక్టర్, దాని వెనక తగిలించే హైడ్రాలిక్ ట్రక్కు, ఒకటే ఇరుసు, తొట్టి కింద మూడు స్టేజీల జాకీ, అంటే ఒకదానిలోంచి ఒకటి సాగే మూడు గొట్టాలది. కోతలప్పుడు వడ్లు మిల్లుకి, మిగతా రోజుల్లో రొయ్యల గుంటల కట్టలకి గ్రావెల్, చేలకి పశువుల ఎరువు, ఏ పని దొరికితే అది తోలుతుంటాం. సమస్య ఏందంటే లోడు మీద తొట్టి పూర్తిగా లేవడానికి నిమిషంన్నర పడుతోంది. సరుకు జారిపోయాక ఖాళీ తొట్టి దిగడానికి ఇంకో నిమిషం. ఒక్క ట్రిప్పుకైతే ఏమీ అనిపించదు గానీ, గుంట దగ్గర మట్టి తవ్వే మిషన్ పెట్టుకుని నాలుగైదు ట్రాక్టర్లు వరసగా తోలేటప్పుడు మన బండి దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. మిషన్‌కి గంట లెక్కన బాడుగ కట్టే ఓనరుకి అది కనపడకుండా ఉంటుందా? మిల్లు దగ్గరా అంతే, వెనక నుంచి హారన్లు.

నెల్లూరులో ఒక షాపులో అడిగితే పంపు మార్చి పెద్దది వేయించమన్నారు. ఇంకొకాయన రిలీఫ్ వాల్వ్ స్క్రూ రెండు తిప్పులు బిగిస్తే చాలన్నాడు. మా డ్రైవరేమో జాకీనే తీసేసి లావుది వేద్దాం అంటున్నాడు. ముగ్గురూ మూడు మాటలు చెప్పారు, మూడూ డబ్బుతో పనే. ఎడగారు (రెండో పంట) కోతలు వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఈ పని తెలిసినోళ్లు చెప్పండి.

చీమకుర్తి లేత్:

తమ్ముడూ, ముందు స్క్రూ మీద చెయ్యి పెట్టొద్దు. మిగతాది నిదానంగా చెప్తాను.

నేను చీమకుర్తిలో క్వారీ టిప్పర్ల జాకీలు, పంపులు విప్పి బిగించే పనిలోనే ఉన్నాను. పెద్ద టిప్పరైనా నీ ట్రక్కైనా సూత్రం ఒకటే. తొట్టి ఎంత బరువు లేపగలదు అనేది ప్రెషర్ చెప్తుంది. ఎంత త్వరగా లేస్తుంది అనేది నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ జాకీలోకి పోతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండూ వేరు. రిలీఫ్ వాల్వ్ బిగిస్తే ప్రెషర్ హద్దు పెరుగుతుంది, లీటర్లు ఒక్క చుక్క కూడా పెరగవు. పైగా పంపు బాడీ పగలొచ్చు, లోడు గాల్లో ఉండగా పైపు పేలొచ్చు. నీ తొట్టి లోడుతో పూర్తిగా లేస్తోంది కదా, నిదానమైనా లేస్తోంది, అంటే ప్రెషర్‌కి ఏ లోటూ లేదు.

మీ డ్రైవర్ చెప్పిన లావు జాకీ అయితే పని ఇంకా నిదానం అవుతుంది. లావు పెరిగితే అది నిండడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, పంపు ఇచ్చేది మాత్రం అంతే. బలం చాలనప్పుడు లావు జాకీ వేస్తారు, వేగం కోసం వెయ్యరు.

లెక్క ఒకసారి చూద్దాం. నీ జాకీ స్టేజీల సైజులు నువ్వు చెప్పలేదు. మన వైపు ఈ సైజు ట్రక్కులకి నేను చూసే కొలతలు, 120, 100, 80 మిల్లీమీటర్లు, ఒక్కో స్టేజీ అర మీటరు సాగుతుంది అనుకుందాం. మొదటి స్టేజీ నిండడానికి సుమారు 5.7 లీటర్లు, రెండోదానికి 3.9, మూడోదానికి 2.5. మొత్తం 12 లీటర్లు. నీ ట్రాక్టర్ పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తుంది అనుకో, అప్పుడు 36 సెకన్లలో లేవాలి. కానీ ఆ 20 లీటర్లు అనేది ఇంజన్ పూర్తి ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు ఇచ్చే లెక్క, అంటే 2000 పైన. ఇంజన్ 1000లో ఉంటే పంపు కూడా సగమే తిరుగుతుంది, సగమే తోస్తుంది, 72 సెకన్లు అవుతుంది. నిమిషంన్నరలో ముప్పావు వంతు ఇక్కడే తేలిపోయింది చూడు.

అందుకే నా మొదటి ప్రశ్న, తొట్టి లేపేటప్పుడు మీ డ్రైవర్ రేజు, అంటే ఇంజన్ వేగం, ఎంతలో పెడుతున్నాడు? చాలామంది డీజిల్ మిగులుతుందని స్లోలోనే వదిలేసి లివర్ ఎత్తుతారు. మీటర్ చూసి చెప్పు.

రెండోది, వాచీ పట్టుకుని ఖాళీ తొట్టి ఒకసారి, అదే రేజులో లోడుతో ఒకసారి లేపి చూడు. ఇది చాలా ముఖ్యం. గేర్ పంపు గానీ పిస్టన్ పంపు గానీ బాగుంటే ఖాళీకీ లోడుకీ టైములో పెద్ద తేడా రాదు, ఒక తిప్పుకి ఇంత ఆయిల్ అని తోసేస్తుంది, పైన బరువు ఎంతుందో దానికి పట్టదు. అరిగిన పంపు అట్లా కాదు, ప్రెషర్ పెరిగే కొద్దీ ఆయిల్ లోపల్లోపలే వెనక్కి జారిపోతుంది. ఖాళీగా చక్కగా లేచి లోడు మీద నీరసపడితే పంపును అనుమానించు. మధ్యాహ్నం బాగా వేడెక్కాక ఇంకా నిదానమైతే ఆ అనుమానం గట్టిపడుతుంది, ఎందుకంటే వేడికి ఆయిల్ పలచబడి ఇంకా ఎక్కువ జారుతుంది. ఖాళీగానూ అంతే నిదానం, లోడుగానూ అంతే నిదానం అయితే పంపు జోలికి పోకు. ఆయిల్ పంపు దాకా సరిగా రావడం లేదు, లేదంటే ఇంకో దారిన పోతోంది.

ఇంకొకటి, మొదట్లో నిదానంగా కదిలి, పైకి పోయే కొద్దీ వేగం పెరిగితే అది జబ్బు కాదు. లావు స్టేజీ ముందు వస్తుంది, సన్న స్టేజీ చివర వస్తుంది, అంతే. దీనికి తిరగబడి, మొదట్లో బాగా లేచి చివర్లో వణుకుతూ ఆగుతుంటే మాత్రం ఆయిల్ లెవెల్ తక్కువైంది, పంపు గాలి పీలుస్తోంది.

బుచ్చి ట్రాక్టర్:

పైన అన్న చెప్పిందంతా కరెక్టు. నేను మెకానిక్‌ని కాదు, బుచ్చిరెడ్డిపాళెంలో రెండు ట్రాక్టర్లు తిప్పుతుంటాను, నాకు తగిలినవి చెప్తాను.

కప్లర్ చూడు. ట్రాక్టర్ వెనక పైపు గుచ్చే క్విక్ కప్లర్‌లో లోపల గోలీ గానీ చిన్న వాల్వ్ గానీ ఉంటుంది, పూర్తిగా లోపలికి కూర్చుంటేనే దారి మొత్తం తెరుచుకుంటుంది. మట్టి పట్టి సగం కూర్చుంటే తొట్టి లేస్తుంది, కానీ ఈడుస్తూ లేస్తుంది. చేత్తో పట్టుకుంటే కప్లర్ ఒక్కటే సర్రున కాలుతుంటే అక్కడే ఇరుకు ఉన్నట్టు. ట్రక్కు ఊడదీసినప్పుడు దానికి మూత పెట్టడం అలవాటు చేయించు, గుంటల దగ్గర ఉప్పునీళ్లు, బురద, రెండూ దానికి శత్రువులే.

లిఫ్ట్ చేతులు, అంటే ట్రాక్టర్ వెనక నాగలి లాంటివి తగిలించి ఎత్తే చేతులు, కూడా చూడు. నీ బండిలో ట్రక్కు లైను విడిగా వాల్వ్ నుంచి వస్తోందా, లేక లిఫ్ట్ నుంచే తీశారా? లిఫ్ట్ నుంచి తీసినట్టయితే లిఫ్ట్‌ని కట్ చేసే నాబ్ ఒకటి ఉంటుంది. అది మూయకపోతే లివర్ ఎత్తగానే ముందుగా ఆ వెనక చేతులు పైకి లేచి ఆ తర్వాతే ఆయిల్ ట్రక్కుకి పోతుంది, లేదా రెండూ పంచుకుంటాయి. కొత్త డ్రైవర్లకి ఇది ఎవరూ చెప్పరు. తొట్టి లేపేటప్పుడు వెనక చేతులు కదులుతున్నాయేమో కళ్లతో చూస్తే తెలిసిపోతుంది.

పామూరు బండి:

అన్నా, మా ఊళ్లో ఒకాయన పంపు, జాకీ ఏదీ మార్చకుండా జాకీ కింద బ్రాకెట్ కోయించి వెనక్కి, అంటే తొట్టి తిరిగే కీలు వైపుకి జరిపించాడు. తొట్టి సగం టైములో లేస్తోంది. వెల్డింగ్ ఖర్చు తప్ప ఏమీ కాలేదు. నువ్వూ అట్లా చెయ్యొచ్చు.

చీమకుర్తి లేత్:

పామూరు తమ్ముడూ, లేస్తుంది, కాదనను. కీలుకి దగ్గరగా జరిపితే తక్కువ సాగితేనే తొట్టి అంతే కోణానికి లేస్తుంది కాబట్టి ఆయిల్ తక్కువ చాలు. కానీ కీలు నుంచి జాకీ దూరం సగానికి తగ్గితే జాకీ తోయాల్సిన బలం రెండింతలు అవుతుంది. 120 స్టేజీ 150 బార్ (ప్రెషర్ కొలత)లో 17 టన్నుల దాకా తోస్తుంది, చివరి 80 స్టేజీ 7 టన్నుల పైన. ఖాళీ తొట్టికీ ఎండు వడ్లకీ అది చాలొచ్చు, తడి గ్రావెల్ ముందు మూలకి అతుక్కుని ఉన్నప్పుడు సన్న స్టేజీ మీద ఆ భారం పడితే? ఆ బలమంతా ఆనేది చాసిస్‌లో ఒక చిన్న బ్రాకెట్ మీద. చాసిస్ ఛానెల్ అక్కడ వంగిన ట్రక్కులు మా షెడ్డుకి వస్తుంటాయి. తొట్టికి పక్కకి ఊగే గుణం కూడా పెరుగుతుంది, ఎందుకంటే ముందు వైపు పట్టు లేదు. మీ ఊరాయన ఎరువు తోలితే ఏమీ కాకపోవచ్చు. అల్లూరు తమ్ముడు గుంట కట్టల మీద గ్రావెల్ పోస్తున్నాడు, ఆయనకి నేను ఈ మాట చెప్పలేను.

పామూరు బండి:

అర్థమైంది అన్నా. మా ఊరాయన తోలేది ఎరువు, చొప్పే. గ్రావెల్ ఎప్పుడూ వెయ్యలేదు. ఆయనకి కూడా ఈ సంగతి చెప్తాను.

అల్లూరు రైతు:

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం కూర్చుని చూశాం, చూసింది చూసినట్టు చెప్తాను.

జాకీ కొలిస్తే లేత్ అన్న చెప్పిన సైజులే. డ్రైవర్ మామూలుగా పెట్టేది 1000 దగ్గర. అక్కడ ఖాళీ తొట్టి 80 సెకన్ల పైన, లోడు 90. పెద్ద తేడా లేదు. సరే రేజు పెంచుదామని 1800కి తీసుకుపోతే నాకు అర్థం కానిది ఇదే, వేగం పెద్దగా పెరగలేదు, 70 దగ్గరే ఆగింది. పంపు దగ్గర నుంచి మాత్రం ఒక అరుపు మొదలైంది, కుయ్యిమని, రేజు పెంచే కొద్దీ ఆ అరుపే పెరుగుతోంది. లింకు చేతులు కదలడం లేదు, నాబ్ సరిగానే ఉంది. కప్లర్ విప్పి డీజిల్‌తో కడిగి పెట్టాం, అక్కడ ఏమీ తేడా రాలేదు. పంపు పోయినట్టేనా?

పోర్టు ఫిట్టర్:

పోలేదండి, ఇంకా పోలేదు. కానీ అట్లాగే అరిపిస్తూ నడిపితే పోతుంది.

నేను కృష్ణపట్నం పోర్టు వైపు హైడ్రాలిక్ మెయింటెనెన్స్ చేస్తాను. మీరు చెప్పిన లక్షణం చూస్తే పంపుకి ఆయిల్ అందడం లేదు. రేజు పెంచితే పంపు ఎక్కువ అడుగుతుంది, సక్షన్ వైపు దారి మూసుకుపోయి అది రాదు, లోపల ఖాళీ ఏర్పడి ఆయిల్‌లో బుడగలు పుట్టి పగులుతుంటాయి, మీరు వినే అరుపు అదే. ఆ బుడగలు పగిలే చోట ఇనుము చెక్కుకుపోతుంది. కొత్త పెద్ద పంపు వేసినా ఇదే జరిగేది, నిజానికి ఇంకా ఘోరంగా జరిగేది, ఎందుకంటే పెద్ద పంపు ఇంకా ఎక్కువ ఆయిల్ అడుగుతుంది. షాపు ఆయన మాట విని ముందే మార్చేసి ఉంటే ఆ పంపు కూడా సంవత్సరం తిరక్కుండా అరిగిపోయేది.

సక్షన్ జాలీ, అంటే పంపు ఆయిల్ పీల్చే దారిలో ఉండే జల్లెడ, విప్పి చూడండి. చాలా ట్రాక్టర్లలో గేర్ బాక్సు, డిఫరెన్షియల్, లిఫ్ట్, అన్నిటికీ ఒకటే ఆయిల్. మీది ఆయిల్‌లో మునిగే బ్రేకుల బండి అయితే బ్రేకు ప్లేట్ల అరుగుడు కూడా ఆ ఆయిల్‌లోకే వస్తుంది, జాలీ మీద నల్లటి మెత్తటి పొరలా పేరుకుంటుంది. జాలీ తీసినప్పుడు ఆ పొరను వేళ్ల మధ్య రుద్ది చూడండి. మెత్తగా జారిపోతే అది బ్రేకు, క్లచ్చు పొడి. గరగరలాడితే, ఎండలో పట్టినప్పుడు మెరిస్తే ఇనుప రజను, అప్పుడు మాత్రం మెకానిక్‌కి చూపించాలి.

ఆయిల్ రంగు కూడా చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగాయి, మొత్తం మార్చాల్సిందే. గుంటల్లో ఇరుసు మునిగేలా దిగే బండ్లకి ఇది మామూలే. కొత్తది పోసేటప్పుడు మీ ట్రాక్టర్ బుక్కులో రాసిన గ్రేడే పోయండి. చవకగా వస్తుందని డ్రమ్ములో దొరికే 68 నంబరు (చిక్కదనం నంబరు) హైడ్రాలిక్ ఆయిల్ పోస్తే జాకీ లేస్తుంది, కానీ ఆయిల్ బ్రేకులకి దానిలో కావలసిన మందులు ఉండవు, బ్రేకులు అరవడం, జారడం మొదలవుతుంది. విడిగా ట్యాంకు ఉన్న బండ్లకి 68 నంబరు సరిపోతుంది, మే నెల మన ఎండలకి 46 కంటే అదే మేలు, కానీ గేర్ బాక్సు ఆయిల్‌తోనే నడిచే లిఫ్ట్‌కి కాదు.

లెవెల్ చూసేటప్పుడు తొట్టి కిందికి దించి, బండి చదునైన చోట పెట్టి చూడాలి. తొట్టి లేచినప్పుడు మీ గేర్ బాక్సు నుంచి 12 లీటర్లు బయటికి పోతున్నాయి, అది చిన్న లెక్క కాదు. కట్ట మీద ముందుకి వాలి నిలబడిన బండిలో మిగిలిన ఆయిల్ పంపు నోటికి అందకపోవచ్చు. బయటికి ఎంత ఆయిల్ తీయొచ్చు, అలాంటి ట్రక్కు తగిలిస్తే అదనంగా ఎంత పోయాలి అనేది ట్రాక్టర్ బుక్కులో ఉంటుంది, లేకపోతే సర్వీసు వాళ్లని అడగండి. ఊరికే ఇంకొంచెం పోద్దాం అని పోస్తే సీళ్ల నుంచి కారుతుంది.

దిగడం సంగతి ఎవరూ ఎత్తలేదు. మీరు ఒక నిమిషం అన్నారు, అందులో పంపుకి ఏ సంబంధమూ లేదు. మీది ఒక్క వైపే పనిచేసే జాకీ, దిగేటప్పుడు ఆయిల్‌ని వెనక్కి నెట్టేది ఖాళీ తొట్టి బరువు ఒక్కటే. ఆ బరువుతో వచ్చే ప్రెషర్ చాలా తక్కువ, అందుకే పైపు ఇరుకు అప్పుడే బయటపడుతుంది. ట్రక్కు పైపు లోపలి రంధ్రం ఎంత?

బుచ్చి ట్రాక్టర్:

దిగడానికి ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని బండ్లలో సీటు కింద గానీ ముందు గానీ లిఫ్ట్ ఎంత వేగంగా దిగాలో పెట్టే నాబ్ ఉంటుంది. రోటవేటరు మెల్లగా దించడానికని దాన్ని బిగించి, తర్వాత మర్చిపోతారు. ట్రక్కు ఆయిల్ తిరిగొచ్చే దారి కూడా దాని గుండానే అయితే తొట్టి ఎంతకీ దిగదు. ముందు అది చూడు, రూపాయి ఖర్చు లేదు.

అల్లూరు రైతు:

జాలీ విప్పాం. ఫిట్టర్ అన్న చెప్పినట్టే ఉంది. చేతిలో పట్టుకుంటే అసలు జాలీ కన్నాలే కనపడలేదు, నల్ల పేస్టు పట్టేసి ఒక మూల మాత్రం కొంచెం వెలుతురు వచ్చింది. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగానే ఉంది, గరుకు తగల్లేదు. ఆయిల్ తెల్లగా లేదు, బాగా నల్లబడింది. జాలీ మార్చి, ఆయిల్ మొత్తం తీసేసి బుక్కులో ఉన్న గ్రేడే పోయించాం. ఈ ట్రాక్టర్ సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది, ఇంతకుముందు ఆయిల్ ఎప్పుడు మార్చారో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు 1800లో ఖాళీ 41 సెకన్లు, లోడు 44. అరుపు లేదు. పంపు, జాకీ రెండూ పాతవే. స్లోలో పెడితే 75 పైనే పడుతోంది, కాబట్టి రేజు సంగతి డ్రైవర్‌కి చూపించి మరీ చెప్పాను. ఆయన డీజిల్ అయిపోతుందని అంటాడు గానీ, ఎక్కువ రేజులో ముప్పావు నిమిషం నడవడానికీ స్లోలో నిమిషంపావు నడవడానికీ తేడా ఏముంటుంది?

దిగడానికి మాత్రం అదే నిమిషం. దించే నాబ్ పూర్తిగా తెరిచే ఉంది. పైపు పావు అంగుళం. ట్రక్కు చేసినవాళ్లే వేసి ఇచ్చారు. జాకీ నోటి దగ్గర మాత్రం అర అంగుళం బెజ్జం ఉంది, దానికి రెడ్యూసర్ పెట్టి సన్న పైపు తగిలించారు.

ఇంకో మాట అడగాలి. మా బావమరిది పీటీఓ (ట్రాక్టర్ వెనక ఇంజన్ బలంతో తిరిగే షాఫ్ట్) మీద విడిగా గేర్ పంపు, విడిగా ట్యాంకు పెట్టించుకుందాం, 20 సెకన్లలో లేపొచ్చు అంటున్నాడు. అది వేస్టా, పనికొస్తుందా?

పోర్టు ఫిట్టర్:

పావు అంగుళం అంటే రంధ్రం 6.35 మిల్లీమీటర్లు. లేపేటప్పుడు పంపు బలంగా తోస్తుంది కాబట్టి ఆ సన్న పైపులో కూడా ఆయిల్ దూసుకుపోతుంది, సెకనుకి 10 మీటర్ల వేగంతో. కొన్ని బార్ల ప్రెషర్ వేడిగా మారి పోతుంది, అంతే, వేగం పెద్దగా తగ్గదు. అందుకే పైపు మార్చకుండానే మీకు 44 సెకన్లు వచ్చింది. దిగేటప్పుడు తోసేవాడు లేడు. ఆయిల్ మెల్లగా పారే చోట పైపు రంధ్రం లెక్క నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే రంధ్రం రెండింతలు చేస్తే అదే ప్రెషర్‌కి పదహారింతల ఆయిల్ పోగలదు. మీకు అంత అక్కర్లేదు, కప్లర్, వాల్వ్ వాటి వాటా అవి ఆపుతాయి కూడా. పైపు, రెడ్యూసర్, కప్లర్ మూడూ అర అంగుళానికి మార్చండి. ఒక్క పైపు మార్చి రెడ్యూసర్ అట్లాగే ఉంచితే సగం ఫలితమే. రెండు వరసల తీగ అల్లిక ఉన్న ప్రెషర్ హోసే తీసుకోండి, పైన రేటింగ్ రాసి ఉంటుంది, మీ రిలీఫ్ ప్రెషర్ కంటే అది ఎక్కువ ఉండాలి.

పాత పైపు దగ్గర ఎక్కడైనా సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే చెయ్యి పెట్టి వెతకొద్దు. అట్ట ముక్క పెట్టి చూడండి. ఆ ప్రెషర్‌లో సూది మొనంత చిమ్ము చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న గాటులా కనపడుతుంది, నొప్పి కూడా మొదట్లో ఉండదు, కొన్ని గంటల్లోనే వేలు పోయే దాకా వస్తుంది. అలా ఎవరికైనా తగిలితే వెంటనే ఆపరేషన్ చేసే ఆసుపత్రికి పోవాలి, గాయం చిన్నదే కదా అని కట్టు కట్టుకుని కూర్చోకూడదు.

చీమకుర్తి లేత్:

పీటీఓ పంపు సంగతి నేను చెప్తాను. చెయ్యొచ్చు, కానీ బావమరిది అనుకున్నంత తేలిక కాదు.

12 లీటర్లు 20 సెకన్లలో అంటే నిమిషానికి 36 లీటర్లు. పీటీఓ తిరిగేది నిమిషానికి 540 తిప్పులు. నేరుగా పంపు తగిలిస్తే, లోపల జారుడు పోను, తిప్పుకి 74 సీసీల పంపు కావాలి. అది లావు, ధర, బరువు అన్నీ ఎక్కువ. అందుకని మధ్యలో మూడింతలు వేగం పెంచే గేర్ బాక్సు పెట్టి 25 సీసీల పంపు పెడతారు. ట్యాంకు కనీసం 25, 30 లీటర్లది ఉండాలి, జాకీ నిండాక కూడా పంపు నోరు ఆయిల్‌లో మునిగే ఉండాలి కదా. సక్షన్ పైపు అంగుళం పైన, దానికో జాలీ, ట్యాంకుకి గాలి పీల్చే మూత, ఒక కంట్రోల్ వాల్వ్, రిలీఫ్ వాల్వ్. 150 బార్ మీద 36 లీటర్లు అంటే 12 హెచ్‌పీ దాకా లాగుతుంది, నీ 45 హెచ్‌పీకి అది భారం కాదు. మంచి సంగతి ఏందంటే నీ గేర్ బాక్సు ఆయిల్ గేర్ బాక్సులోనే ఉంటుంది, ఎవరి ట్రాక్టర్‌కి తగిలించినా మురికి ఆయిల్ అటూ ఇటూ మారదు. రోజూ అదే పని మీద ఉండే బండికి, బాడుగకి వేరే వేరే ట్రాక్టర్లకి తగిలించే ట్రక్కుకి అది విలువైనదే.

నీకు వద్దు. మొత్తం మీద ఒక ట్రిప్పులో నీకు ఇంకా మిగిలేది 20 సెకన్లు. లోడు చేయడానికి, కట్ట మీదకి రివర్స్ పెట్టడానికి, వెనక డోరు తీయడానికి పట్టే టైము ముందు అది ఎంత? పైపు మార్చుకుంటే దిగేటప్పుడు అంతకంటే ఎక్కువ మిగులుతుంది, అదీ చాలా తక్కువ ఖర్చుతో.

గుంట కట్టల మీద 20 సెకన్లలో తొట్టి లేపడం నాకు నచ్చని పని. కొత్త కట్ట ఒక పక్క మెత్తగా ఉంటుంది, ఒక టైరు నాలుగు వేళ్లు దిగితే తొట్టి పైన అది జానెడు వాలు అవుతుంది. తడి గ్రావెల్ ఒక మూల అతుక్కుని ఒక మూల జారిపోతే బరువంతా ఒక పక్కకి పోతుంది. నిదానంగా లేస్తుంటే డ్రైవర్‌కి అది కనపడుతుంది, లివర్ వదిలి దించుకుంటాడు. సరుకు అతుక్కుందని తొట్టి ఎత్తి ఉంచి బండిని ముందుకి కుదపడం మీ డ్రైవర్‌కి అలవాటు ఉంటే మాన్పించు. పూర్తిగా సాగిన జాకీకి పక్క నుంచి దెబ్బ తగిలితే సన్న స్టేజీ వంగుతుంది, ఆ తర్వాత తొట్టి దిగమన్నా దిగదు.

బుచ్చి ట్రాక్టర్:

తీగలు కూడా చూసుకోమను అన్నా. మా వైపు చేల మీద 11 కేవీ లైన్లు చాలా చోట్ల వేలాడుతుంటాయి, ఎరువు కుప్ప వేసేటప్పుడు తొట్టి ముందు అంచు ఎంత ఎత్తుకి పోతుందో సీటులో కూర్చున్నోడికి తెలియదు. లైను కింద దింపాల్సి వస్తే ట్రక్కు అక్కడ పెట్టొద్దు, పక్కన పోసి తట్టలతో మోయించినా పర్లేదు. ఒకవేళ తగిలితే డ్రైవర్ సీటులోనే ఉండిపోయి కరెంటు తీయించాలి, కింద ఉన్నోళ్లు బండి దగ్గరికి రాకూడదు.

అల్లూరు రైతు:

పీటీఓ ఆలోచన మానేశాను. ఒంగోలు నుంచి వస్తూ అర అంగుళం హోసు, కప్లర్ తెచ్చి బిగించాం, రెడ్యూసర్ తీసేశాం. ఖాళీ తొట్టి ఇప్పుడు 25 సెకన్లలో దిగుతోంది. లేవడం 44, దిగడం 25. మొన్నటిదాకా పట్టిన టైములో సగమే. ఖర్చు జాలీ, ఆయిల్, పైపు, ఇంతే. ఆయిల్ ఎటూ మార్చాల్సిందే.

ఒక్క సందేహం మిగిలింది. పైపు మార్చేటప్పుడు తొట్టి ఎత్తి కింద చెక్క దుంగ నిలబెట్టి పని చేశాం. ఇక్కడ అందరూ అంతే చేస్తారు. ఇప్పుడు అర అంగుళం పైపు వేశాక తొట్టి ముందు కంటే వేగంగా దిగుతోంది కాబట్టి భయంగా ఉంది. దీనికి పద్ధతిగా ఏం పెట్టించుకోవాలి?

చీమకుర్తి లేత్:

భయపడటం మంచిదే. పైపు ఊడినా, ఎవరైనా చూడకుండా లివర్ తగిలించినా ఆ తొట్టి ఇప్పుడు ఆగదు. దుంగ జారుతుంది, జాకీని నమ్ముకుని కింద దూరడం అసలు వద్దు.

మీ ఊళ్లో వెల్డింగ్ షాపులోనే చేయించు. చాసిస్ అడ్డ ఛానెల్‌కి రెండు వైపులా రెండు చెవులు వెల్డు చేసి, వాటి మధ్య బలమైన ఛానెల్ ముక్క ఒకటి పిన్నుతో తగిలించాలి, మామూలప్పుడు అది చాసిస్ మీద పడుకుని ఉంటుంది. తొట్టి ఖాళీ చేసి ఎత్తాక దాన్ని నిలబెట్టి, పై కొస తొట్టి కింద అడ్డ ఛానెల్‌లో ఆనేలా ఒక గూడు వెల్డు చేయించు, పక్కకి జారకుండా. తర్వాత లివర్ మెల్లగా వదిలి తొట్టి బరువు దాని మీద కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి, అప్పుడే కిందికి పోవాలి. అది ఖాళీ తొట్టికి మాత్రమే, లోడు ఉండగా కింద ఏ పనీ చెయ్యొద్దు. రెండు వైపులా రెండు పెట్టించుకుంటే ఇంకా మంచిది. పిన్నుని గొలుసుతో చాసిస్‌కే కట్టి ఉంచు, విడిగా వదిలితే మిల్లు దగ్గర ఎక్కడో పడిపోతుంది.